లేటుగా మొదలెట్టాడు... ఆరు వందల చిత్రాలు మిగిల్చాడు

పాతికేళ్లు దాటేసరికి చాలామందికి ఒక భయం పట్టుకుంటుంది. తోటివాళ్లు సెటిలైపోయారు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలీదు. ఇంట్లోవాళ్లు పైకి ఏమీ అనకపోయినా, భోజనాల దగ్గర వాళ్ల మౌనమే ఏదో అడుగుతున్నట్టు ఉంటుంది. ఇలాంటప్పుడు ఇష్టమైన పనిని మొదటి మెట్టు నుంచి నేర్చుకుంటానంటే ఎవరైనా ఏమంటారు? ఇప్పుడా, వయసు దాటిపోయింది కదా అంటారు.

సుమారు 115 ఏళ్ల కిందట టోక్యోలో ఓ యువకుడికి ఈ మాట చెప్పింది చుట్టాలో పక్కింటివాళ్లో కాదు. ఎవరి దగ్గర నేర్చుకోవాలని వెళ్లాడో ఆ గురువే చెప్పాడు. ఆ యువకుడు తర్వాత ప్రపంచమంతా మెచ్చిన చిత్రకారుడయ్యాడు. మంచు కురుస్తున్న గుళ్లను చెక్క అచ్చులతో కాగితం మీదకు తెచ్చినవాళ్లలో ఆయన పేరు ముందు వరుసలో ఉంటుంది. యాపిల్ సంస్థను స్థాపించిన స్టీవ్ జాబ్స్ కూడా ఆయన చిత్రాలను కొని దాచుకున్నాడు. ఆయనే కవాసె హసుయి.

దారాల కొట్టు కుర్రాడు

హసుయి 1883 మే 18న టోక్యోలోని షిబా ప్రాంతంలో పుట్టాడు. అసలు పేరు బుంజిరో. ఇంట్లో దారాలు, అల్లిన తాళ్ల టోకు వ్యాపారం. మేనమామ కనగాకి రోబున్ ఆ రోజుల్లో పేరున్న రచయిత, పాత్రికేయుడు. అంటే ఇంట్లో కళల వాసన ఉంది, కానీ కొట్టు కూడా ఉంది. మన వెంకటగిరిలోనో మంగళగిరిలోనో నేత ఇంట్లో పుట్టిన పిల్లాడి పరిస్థితి ఊహించుకోండి. బొమ్మలు వేస్తే ముచ్చటపడతారు. బొమ్మలే బతుకంటే మాత్రం ఒప్పుకోరు.

బుంజిరో ఆరోగ్యం అంతంత మాత్రం. చూపు కూడా సరిగా ఉండేది కాదు. పెద్దయ్యాక తీసిన ఫొటోల్లో మందపాటి కళ్లద్దాలతో కనిపిస్తాడు. అయినా టీనేజీలోనే చిత్రకారుల దగ్గరికి వెళ్లి కుంచె పట్టడం నేర్చుకున్నాడు. పాత అచ్చు చిత్రాలను చూసి నకళ్లు దించాడు. బయట కనిపించిన చెట్టూ చేమా గీశాడు. ఆ తర్వాత మామూలు కథే. ఇంటి వ్యాపారం భుజాన పడింది. కొన్నేళ్లపాటు కొట్టులో లెక్కలు చూస్తూ, దొరికిన ఖాళీలో బొమ్మలు గీసుకుంటూ గడిపాడు.

ఆ వ్యాపారమూ నిలబడలేదు. చివరికి దాన్ని చెల్లెలికీ ఆమె భర్తకూ అప్పగించి బుంజిరో బయటికొచ్చాడు. అప్పటికి పాతికేళ్లు దాటాయి. చేతిలో డిగ్రీ లేదు, అనుభవమంటే కొట్టు అనుభవమే.

గురువు కాదన్నాడు

నేరుగా కబురాగి కియోకాత ఇంటికి వెళ్లాడు. జపాన్ సంప్రదాయ చిత్రకళలో అప్పుడు ఆయన పెద్ద పేరు. శిష్యుడిగా చేర్చుకోమని అడిగితే కియోకాత ఒప్పుకోలేదు. ఈ పద్ధతిలో చేయి తిరగాలంటే చిన్నప్పటి నుంచే మొదలుపెట్టాలి, ఈ వయసులో కష్టం, పాశ్చాత్య పద్ధతి నేర్చుకోవడం మేలని సలహా ఇచ్చాడు.

ఇంటర్వ్యూలో రిజెక్ట్ అయినవాడికి ఈ ఘట్టం బాగా అర్థమవుతుంది. అలాంటప్పుడు రెండు పనులు తేలిక. అలిగి వదిలేయడం ఒకటి, చెప్పినాయనకు ఏమీ తెలీదని తిట్టుకుంటూ మళ్లీ మళ్లీ అదే తలుపు కొట్టడం రెండోది. బుంజిరో ఈ రెండూ చేయలేదు. సలహాను సలహాగానే తీసుకున్నాడు. వెళ్లి ఒకాద సబురోసుకె వంటి వాళ్ల దగ్గర పాశ్చాత్య చిత్రకళలో చేరాడు. వెలుగు ఎటు నుంచి పడుతోంది, నీడ ఎంత దూరం పోతుంది, దగ్గరి వస్తువు పెద్దగా దూరపుది చిన్నగా ఎలా కనిపిస్తుంది అనే పాఠాలు రెండేళ్లు చదివాడు.

అప్పుడు మళ్లీ కియోకాత దగ్గరికి వెళ్లాడు. 1910లో, 27 ఏళ్ల వయసులో, ఈసారి చేర్చుకున్నారు. మరో రెండేళ్లకు గురువు ఆయనకు హసుయి అనే కళా నామం ఇచ్చాడు. ఊటలోంచి ఉబికే నీరని దానికి అర్థం చెబుతారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. హసుయి చిత్రాల్లో సాయంత్రపు వెలుగు, మంచు మీద నీలి నీడ, వెనక్కి వెనక్కి కరిగిపోయే దూరం చూసి జనం ఆగిపోతారు. అవి ఆ రెండేళ్ల చదువులోవే. గురువు కాదనడం వల్ల వెళ్లిన పక్కదారిలో నేర్చుకున్నదే తర్వాత ఆయన్ను మిగతావాళ్ల నుంచి వేరు చేసింది.

ముప్పై అయిదో ఏట మొదటి అచ్చు

పేరు వచ్చింది గానీ తిండి రావాలి కదా. పత్రికలకు బొమ్మలు, వ్యాపార ప్రకటనలు, బట్టలకు డిజైన్లు... ఏ పని దొరికితే అది చేశాడు. ఇప్పటి భాషలో ఫ్రీలాన్సర్.

1918లో ఓ ప్రదర్శన ఆయన దారి మార్చింది. అదే గురువు దగ్గర నేర్చుకున్న ఇతో షిన్‌సుయి, బివా సరస్సు మీద ఎనిమిది దృశ్యాలను చెక్క అచ్చులుగా చేయించాడు. ఇతో వయసులో హసుయి కన్నా చాలా చిన్నవాడు. మనకన్నా చిన్నోడు ముందుకెళ్లిపోతే లోపల ఏదో గుచ్చుకుంటుంది. హసుయి మాత్రం ఆ చిత్రాలు చూసి, ఇది నేనూ చేయాలనుకున్నాడు. వాటిని ప్రచురించిన వతనబె షోజబురోని కలిశాడు.

వతనబె హసుయి కన్నా రెండేళ్లు చిన్న. అచ్చు చిత్రాలను విదేశాలకు ఎగుమతి చేసే సంస్థలో పనిచేసి, తర్వాత సొంతంగా దుకాణం పెట్టుకున్నాడు. 19వ శతాబ్దంలో హొకుసాయ్, హిరోషిగె లాంటి వాళ్లతో వెలిగిన ఆ కళ, ఫొటోలు, యంత్రాల ముద్రణ వచ్చాక చావుబతుకుల్లో పడింది. పాత పనితనానికి కొత్త చూపు తోడైతే మళ్లీ బతుకుతుందని వతనబె నమ్మాడు. ఆ కొత్త పోకడకే షిన్ హంగా అని పేరు. కొత్త అచ్చులు అని అర్థం.

1918 ఆగస్టులో హసుయి మొదటి మూడు అచ్చులు వచ్చాయి. చిన్నప్పుడు మేనత్త ఇంటికి వెళ్లిన షియోబారా కొండ ఊరి దృశ్యాలు అవి. అప్పటికి ఆయన వయసు 35.

తెలుపు ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ చిత్రాలు ఎలా తయారవుతాయో తెలిస్తేనే వాటి గొప్పతనం అర్థమవుతుంది. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్లకు ఇది సులువు. అక్కడ టేకు దిమ్మ మీద పువ్వునో లతనో చెక్కి, రంగుకొక అచ్చు చొప్పున గుడ్డ మీద అద్దుతారు. జపాన్‌లో చెర్రీ చెక్క, చేత్తో చేసిన కాగితం. చిత్రకారుడు బొమ్మ గీసిస్తాడు. చెక్కేవాడు ముందు గీతలకు ఒక పలక, తర్వాత రంగులకు వేరే పలకలు చెక్కుతాడు. అద్దేవాడు పలక మీద రంగు పూసి, కాగితం పరిచి, వెనకవైపు బరెన్ అనే గుండ్రటి మెత్తతో రుద్దుతాడు. ప్రతి పలకకూ మూలలో చిన్న గుర్తు చెక్కి ఉంటుంది. కాగితాన్ని ప్రతిసారీ ఆ గుర్తుకే ఆనించాలి. వెంట్రుకవాసి జరిగినా బొమ్మ చెడిపోతుంది.

మరి మంచు? ఎక్కువసార్లు దానికి రంగే ఉండదు. గుడి కప్పు మీద పేరుకున్న మంచు అంటే అక్కడ రంగు అద్దకుండా వదిలేసిన కాగితమే. గాల్లో ఎగిరే మంచు రేణువు కావాలంటే, ఆ చోట రంగు పడే ప్రతి పలకలోనూ అంత చుక్కను తొలిచేయాలి. ఒక్క పలకలో మర్చిపోయినా తెలుపు పోతుంది. ఇంతా చేసి చూసేవాడికి కనిపించేది ఖాళీ కాగితం.

జపాన్ గుళ్లు ఈ పనికి భలే కుదిరాయి. మన గోపురం రాతితో, ఇటుకతో పైకి లేస్తుంది. వాళ్ల గుడి చెక్కతో కట్టి, పెద్ద కప్పుతో, బయటికి చాచిన చూరుతో అడ్డంగా విస్తరిస్తుంది. మంచు పడితే కప్పంతా తెల్లబడుతుంది. చూరు కింద ఎర్ర రంగు స్తంభాలు, దూలాలు అలాగే మిగులుతాయి. కప్పు వంపు ఎంత, ఏ దూలం ఎక్కడ ఆనింది అన్నది మంచే గీత గీసి చూపిస్తుంది. హసుయి దాన్ని పట్టుకున్నాడు.

ఈ పనిలో ఆయన కత్తి పట్టలేదు, బరెన్ రుద్దలేదు. అప్పట్లోనే కొందరు చిత్రకారులు గీయడం, చెక్కడం, అద్దడం అన్నీ ఒక్కరే చేస్తేనే అది కళ అని వాదించారు. హసుయి జట్టు పనిని నమ్మాడు. తాను గీసిన సాయంత్రం చివరికి కాగితం మీద ఎలా రావాలో చెక్కేవాళ్లతో, అద్దేవాళ్లతో కూర్చుని చూసుకునేవాడు. సాఫ్ట్‌వేర్ టీమ్‌లోనో, వార్తాపత్రిక డెస్క్‌లోనో పనిచేసేవాళ్లకు ఇది కొత్తేం కాదు. మీ పని ఇంకొకరి చేతిలో పూర్తవుతుందంటే, వాళ్ల పని కూడా మీకు తెలిసుండాలి.

188 పుస్తకాలు బూడిద

1919 నుంచి హసుయి ఊరూరా తిరిగాడు. పగలు స్కెచ్ పుస్తకంలో గీయడం, తర్వాత వాటిని అచ్చులుగా మలచడం. ప్రయాణ కానుకలు అనే పేరుతో వరుస చిత్రాలు వచ్చాయి. పేరు, అమ్మకాలు పెరిగాయి.

1923 సెప్టెంబరు 1. మధ్యాహ్నం 12 కావడానికి రెండు నిమిషాలుంది. టోక్యో, యొకొహామా ప్రాంతాన్ని భూకంపం కుదిపేసింది. వంట పొయ్యిలు వెలుగుతున్న వేళ కావడంతో చెక్క ఇళ్ల నగరం అంటుకుంది. లక్ష మందికి పైగా చనిపోయారు. వతనబె దుకాణం, చెక్కిన పలకలు, అచ్చు చిత్రాలు కాలిపోయాయి. హసుయి ఇల్లు పోయింది. ఏళ్ల తరబడి తిరిగి గీసుకున్న 188 స్కెచ్ పుస్తకాలూ పోయాయి.

40 ఏళ్ల వయసులో మళ్లీ సున్నా దగ్గరికి వచ్చాడు. ఇప్పుడైతే క్లౌడ్‌లో బ్యాకప్ ఉంటుంది. అప్పుడు ఆ పుస్తకాలే ఆయన ఆస్తి, ముడిసరుకు, రెజ్యూమె అన్నీ.

వతనబె మళ్లీ పని మొదలుపెట్టాడు, హసుయిని ప్రయాణానికి పంపాడు. ఆ ఏడాది చివర్లో బయల్దేరిన హసుయి పడమటి జపాన్‌లో సముద్రం వెంట, కొండల వెంట మూడు నెలలకు పైగా తిరిగి 1924 ఫిబ్రవరిలో టోక్యో చేరాడు. కొత్త పుస్తకాల నిండా కొత్త స్కెచ్‌లు. వాటి నుంచే మూడో ప్రయాణ వరుస పుట్టింది. కాగితాలు కాలిపోయాయి గానీ గీసి గీసి అలవాటైన చేయి ఆయన దగ్గరే ఉంది.

ఎర్ర గుడి, తెల్ల మంచు

1925లో ఆయన్ను అందరికీ దగ్గర చేసిన చిత్రం వచ్చింది. దాని కోసం ఆయన దూరం వెళ్లలేదు. పుట్టిన షిబా ప్రాంతంలోనే జోజోజి గుడి ఉంది. జపాన్‌ను రెండున్నర శతాబ్దాలు పాలించిన తొకుగావా వంశం గుడి అది. దాని పెద్ద ద్వారం 1622లో కట్టింది. భూకంపాన్నీ తర్వాత యుద్ధాన్నీ తట్టుకుని ఇప్పటికీ నిలబడి ఉంది.

చిత్రంలో ఆ ఎర్ర ద్వారం. ముందు మంచు బరువుకు వంగిన పైన్ కొమ్మలు. గాలికి ఏటవాలుగా కొట్టే మంచు. గొడుగును గాలికి అడ్డం పెట్టి, ఒంగి నడుస్తున్న ఒక స్త్రీ. అంతే. ఆమె ఎవరో తెలీదు, ముఖం కనిపించదు. ఎక్కడికో వెళ్లాలి కాబట్టి నడుస్తోంది. టోక్యో ఇరవై దృశ్యాలు అనే వరుసలో వచ్చిన ఈ అచ్చు, హసుయి చిత్రాల్లో బాగా ఎక్కువగా అమ్ముడైన వాటిలో ఒకటి.

రెండేళ్ల కిందట బూడిదైన నగరంలో, చిన్నప్పటి నుంచి చూస్తున్న గుడి ఇంకా నిలబడి ఉండటం చూసిన వాడి చిత్రమిది. అది గుర్తుంచుకుని చూస్తే ఆ ఎరుపు ఇంకోలా కనిపిస్తుంది.

1930లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం టొలెడో మ్యూజియంలో ఆధునిక జపాన్ అచ్చుల పెద్ద ప్రదర్శన జరిగింది. అందులో హసుయి చిత్రాలూ ఉన్నాయి. 1936లో అక్కడే మరో ప్రదర్శన. సముద్రం దాటి కొనుగోలుదారులు పెరిగారు.

గ్రాఫ్ పైకే వెళ్లలేదు

సక్సెస్ స్టోరీల్లో సాధారణంగా ఈ భాగం ఎగ్గొట్టేస్తారు. 1930ల మధ్యకు వచ్చేసరికి హసుయి పని మందగించింది. అవే కోణాలు, అవే సాయంత్రాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయన్న విమర్శ ఉంది. పేరు తెచ్చిన పద్ధతే సంకెలగా మారడం ఏ వృత్తిలోనైనా జరిగేదే. 1939లో కొరియా ప్రయాణం ఆయనకు కొత్త ఊపిరిచ్చింది. అక్కడి కోటలు, ద్వారాలు, మనుషుల మీద కొత్త వరుస గీశాడు.

తర్వాత యుద్ధం. షియోబారాకు తరలిపోవాల్సి వచ్చింది. యుద్ధం ముగిశాక జపాన్‌లో ఉన్న అమెరికన్లు ఇంటికి తీసుకెళ్లడానికి ఈ అచ్చులు కొన్నారు. నిన్నటి శత్రువులే నేటి కొనుగోలుదారులు. అచ్చుల పని మళ్లీ సాగింది.

మళ్లీ అదే గుడి

1950ల మొదట్లో జపాన్ ప్రభుత్వం చేతి పనుల సంప్రదాయాలను కాపాడే పని చేపట్టింది. చెక్క అచ్చు ఎలా తయారవుతుందో అంచెలంచెలుగా రికార్డు చేయాలనుకుంది. అందుకు ఎంచుకున్నవాళ్లలో హసుయి, ఇతో షిన్‌సుయి ఉన్నారు. ఒకప్పుడు ఎవరి బొమ్మలు చూసి ఈ దారిలోకొచ్చాడో, ఆ ఇతో పక్కనే ఇప్పుడు హసుయి పేరు.

హసుయి ఏం గీశాడు? జోజోజిలో మంచు. 1953లో వచ్చిన ఈ చిత్రంలో ద్వారం అదే, మంచు అదే. ముందు మాత్రం ట్రామ్ కోసం గొడుగులతో ఎదురుచూస్తున్న మామూలు జనం. దీనికి నలభైకి పైగా సార్లు రంగు అద్దాల్సి వచ్చింది. నలభై సార్లూ కాగితం అదే గుర్తుకు ఆనాలి, నలభై సార్లూ మంచు తెల్లగానే మిగలాలి.

చివరి మెట్లు

చివరి చిత్రం కూడా గుడే. ఉత్తర జపాన్‌లోని హిరాయిజుమిలో చూసోన్‌జి ఆలయం ఉంది. అక్కడి బంగారు మందిరం 1124 నాటిది. హసుయి 1957లో దాన్ని మంచులో గీశాడు. చుట్టూ చెట్లు, మెట్ల నిండా మంచు, పైన మందిరం. ఆ మెట్ల మీద ఒక్కడే సన్యాసి, మనకు వీపు చూపిస్తూ పైకి వెళుతున్నాడు.

అప్పటికే హసుయి జబ్బుతో ఉన్నాడు. 1957 నవంబరు 7న, 74వ ఏట కన్నుమూశాడు. మిగిలిన పనిని చెక్కేవాళ్లు, అద్దేవాళ్లు పూర్తిచేశారు. ఆ అచ్చులను ఆయన సంస్మరణ సభలో బంధుమిత్రులకు పంచారు. జీవితమంతా జట్టును నమ్మినవాడి ఆఖరి పనిని ఆ జట్టే ముగించింది. ముప్పై తొమ్మిదేళ్లలో ఆయన మిగిల్చినవి ఆరు వందలకు పైగా అచ్చులు.

మనకేం ఉపయోగం?

తోటపల్లి గూడూరు మండలంలో ఉన్నవాళ్లు మంచు పడటం చూసి ఉండరు. కోడూరు తీరాన మనకు తెలిసింది ఇసుక, ఉప్పుగాలి, రొయ్యల గుంటలు, కార్తీకంలో తుపాను వానలు. అయినా హసుయి చెప్పేది మనకు అందుతుంది. వాన చినుకుల్లో పెన్న ఒడ్డున తల్పగిరి రంగనాథస్వామి గోపురాన్ని చూసినవాడికి, మంచులో జోజోజిని చూడటం కష్టమేం కాదు. పేరు తెచ్చిన చిత్రం ఆయన పుట్టిన పేటలోనే దొరికింది.

కష్టపడితే అన్నీ వస్తాయని ఆయన జీవితం చెప్పదు. కొట్టు మునిగింది, ఇల్లు కాలింది, మధ్యలో పని మొద్దుబారింది. కాకపోతే అడ్డం వచ్చిన ప్రతిసారీ ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే అనిపిస్తుంది. ఇప్పుడు ఏం నేర్చుకోవచ్చు? గురువు కాదంటే వెలుగూనీడా నేర్చుకున్నాడు. పుస్తకాలు కాలిపోతే కొత్త ఊళ్లు చూశాడు. రిజెక్షన్ మెయిల్ వచ్చిన రోజు బాధపడటం సహజం. బాధ తగ్గాక దాన్ని ఇంకోసారి చదవండి. మనలో ఏది తక్కువైందో చెప్పే వాక్యం దొరికితే, తర్వాతి ఆర్నెల్ల సిలబస్ అదే.

ఈ దారిలో చదవాలంటే...

అచ్చు చిత్రకళను మన దగ్గర ప్రింట్‌మేకింగ్ లేదా గ్రాఫిక్ ఆర్ట్ పేరుతో నేర్పుతారు. ఫైన్ ఆర్ట్స్ డిగ్రీకి హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ, కడపలో డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్నాయి. బయటి రాష్ట్రాల్లో శాంతినికేతన్ కళాభవన్, బరోడా ఎంఎస్ యూనివర్సిటీ ఈ విభాగానికి పేరున్నవి. తెలుగువాళ్లలో ఈ కళలో పెద్ద పేరు తెచ్చుకున్న లక్ష్మా గౌడ్ బరోడాలోనే నేర్చుకున్నాడు. కోర్సులు, అర్హతలు, వయోపరిమితి ఏటా మారొచ్చు కాబట్టి దరఖాస్తుకు ముందు ఆయా వెబ్‌సైట్లలో నోటిఫికేషన్ చూసుకోండి. ఈలోగా ఒక స్కెచ్ పుస్తకం, పెన్సిల్ చాలు. రోజుకో పేజీ మీ ఊరిని గీయండి.